కర్త లేని వాక్యం రాయకండి: యూనివర్సిటీ నైతిక నియమావళిలో సుస్థిరాభివృద్ధిని ఎలా చేర్చాలి

"మీకు రాయడం వచ్చు కదండీ, మీరే చూసుకోండి" అంటూ ఆ ఫైలు నా బల్ల మీద పెట్టి వెళ్లారు. నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. విద్యాసంస్థల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే నాక్ బృందం రావడానికి మూడు నెలలే ఉంది. నైతిక నియమావళి కావాలి, అందులో సుస్థిరాభివృద్ధికి, అంటే రాబోయే తరాలకు లోటు రాకుండా మన అవసరాలు తీర్చుకోవడానికి, సంస్థ నిబద్ధత కనబడాలి, ఇరవై పేజీలకు తగ్గకూడదు. ఇదీ నాకొచ్చిన ఆదేశం.

మొదటి చిత్తుప్రతి వారంలో తయారైంది. కమిటీలో తలా ఒక అధ్యాయం తెచ్చారు, నేను భాష దిద్దాను. మా పరిశోధక విద్యార్థి ఒకడు సరదాకి దాన్ని గ్రంథచౌర్యం పట్టుకునే సాఫ్ట్‌వేర్‌లో పెట్టాడు. కాపీ కొట్టరాదని చెప్పే అధ్యాయమే అన్నిటికంటే ఎక్కువ కాపీ అని తేలింది. ఒక పేరాలో వేరే రాష్ట్రపు యూనివర్సిటీ పేరు కూడా అలాగే ఉండిపోయింది. సిగ్గుతో దాన్ని పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాం. ఆ రెండో ప్రయత్నంలో తెలిసినవి వరసగా చెబుతాను. మీ బల్ల మీదికీ అలాంటి ఫైలు వచ్చి ఉంటే పనికొస్తాయి.

మొదటి వారం: రాయకండి, నడవండి

ఒక నోటుపుస్తకం, ఒక స్ప్రింగు త్రాసు తీసుకుని క్యాంపస్ తిరగండి. ముందుగా హాస్టల్ మెస్ వెనక్కి వెళ్లండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక కంచాల్లో మిగిలిన అన్నం, కూరలు ఒక డ్రమ్ములో వేయించి తూచండి. వండి మిగిలిపోయినదాన్ని విడిగా తూచండి, ఎందుకంటే రెండింటికీ కారణాలు వేరు. కంచంలో మిగిలితే రుచిదో, వడ్డించే తీరుదో తప్పు. గుండిగలో మిగిలితే ఎంతమంది తింటారన్న లెక్క తప్పు. ఇలా ఏడు రోజులు చేయండి. ఆదివారం చికెన్ రోజుకీ మంగళవారానికీ తేడా మీకే కనిపిస్తుంది.

తర్వాత ఆర్వో ప్లాంటు. తాగునీళ్లు వచ్చే పైపు కింద ఒక బకెట్టు, వృథా నీళ్లు పోయే పైపు కింద అదే కొలత బకెట్టు పెట్టి, ఏది ఎంతసేపట్లో నిండిందో రాసుకోండి. కాలువలో పోతున్నదెంతో అక్కడే తెలుస్తుంది. ఆ నీళ్లను తోటకి మళ్లిస్తామని నియమావళిలో రాసేయకండి. ఉప్పంతా అందులోనే చేరుతుంది కాబట్టి మొక్కలు మాడతాయి. గచ్చు కడగడానికీ మరుగుదొడ్లకీ వాడుకోవచ్చు.

కరెంటు బిల్లులు అకౌంట్స్ విభాగంలో దొరుకుతాయి, పన్నెండు నెలలవి తీసుకోండి. డబ్బు అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, టారిఫ్ మారినప్పుడల్లా అదీ మారుతుంది. యూనిట్లు చూడండి. ఒప్పందం చేసుకున్న డిమాండు (ఒకేసారి వాడుకునే గరిష్ఠ కరెంటు), నిజంగా నమోదైన డిమాండు పక్కపక్కన రాసుకోండి. సెలవుల నెలలో కూడా యూనిట్లు పెద్దగా తగ్గకపోతే ఎక్కడో ఏదో ఊరికే తిరుగుతోందన్నమాట. ఎలక్ట్రీషియన్ని అడగండి, అతనికి ఎప్పుడో తెలుసు. ఎవరూ అడగలేదంతే.

ఇక పాత సామాను గది. పాడైన కంప్యూటర్లు, యూపీఎస్ బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు దుమ్ము పట్టి ఉంటాయి. పనికిరావని తేల్చి (కండెమ్ చేసి) వేలం వేయడానికి ఫైలు ఎక్కడో ఆగి ఉంటుంది. కెమిస్ట్రీ ల్యాబు సింకులోంచి పోయే గొట్టం ఎక్కడ తేలుతుందో కూడా చూడండి. బయట ఊరి వాగులో తేలితే, కమిటీలో ఆ ఊరివాళ్లు ఒకరు ఉండాలని అప్పుడే రాసుకోండి.

ఈ తిరుగుడులో మీతో మాట్లాడేవాళ్లు ప్రొఫెసర్లు కారు. పారిశుద్ధ్య పని చేసే అమ్మలు, తోటమాలి, వంట మాస్టరు. వాళ్ల మాటలు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. తర్వాత అవే అక్కరకొస్తాయి.

చట్టం చెప్పినదాన్ని మీ సుగుణంగా రాసుకోకండి

చాలా నియమావళుల్లో కనబడే మాయ ఇది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను మా క్యాంపస్‌లో నిషేధిస్తామని గొప్పగా రాస్తారు. ప్లాస్టిక్ స్ట్రాలు, స్పూన్లు, థర్మోకోల్ అలంకరణ లాంటి వస్తువులు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషిద్ధమే. దొంగతనం చేయబోమని ప్రమాణం చేసినట్టుంటుంది.

అందుకని మీ నియమావళిని రెండు భాగాలు చేయండి. మొదటిది చట్టం చేయమన్నది. రెండోది అంతకుమించి మనంతట మనం చేస్తామన్నది. మొదటిదాన్ని అనుబంధంలో పెట్టి, ప్రతిదాని పక్కనా బాధ్యుడి హోదా రాయండి. అందులోకి వచ్చేవి కొన్ని:

గ్రంథచౌర్యంపై యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018 నిబంధనలు. థీసిస్‌లో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలలు మించని గడువులో దిద్ది ఇవ్వాలి. 40 నుంచి 60 దాకా ఉంటే ఏడాది పాటు మళ్లీ సమర్పించడానికి లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అధ్యాపకుల వృత్తి నైతికతకు సంబంధించిన నియమాలు అదే ఏడాది వచ్చిన నియామకాల రెగ్యులేషన్స్‌లోనే ఉన్నాయి, మళ్లీ కొత్తగా కనిపెట్టక్కర్లేదు. లైంగిక వేధింపులపై 2013 చట్టం, దాని కింద అంతర్గత ఫిర్యాదుల కమిటీ. ఈ-వ్యర్థాలపై 2022 నియమాలు 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. వెయ్యి, అంతకుమించి పరికరాలు వాడే సంస్థ వాటిని రిజిస్టరైన రీసైక్లర్లకో రిఫర్బిషర్లకో (బాగుచేసి మళ్లీ వాడకానికి ఇచ్చేవాళ్లకో) ఇవ్వాలి తప్ప, ఎక్కువ పాట పాడిన పాత ఇనుప సామాను వ్యాపారికి కాదు. మీ వేలం ఫైలు అందుకే ఆగి ఉంటే మంచిదే. రోజుకి వంద కిలోలు దాటి చెత్త వచ్చే క్యాంపస్ పెద్ద చెత్త ఉత్పత్తిదారు లెక్కలోకి వస్తుంది. మీ తూకం పుస్తకం ఇక్కడే మొదటిసారి పనికొస్తుంది. ల్యాబుల్లో ప్రమాదకర రసాయనాలుంటే వాటిని శుద్ధి చేసే కేంద్రాలు తెలంగాణలో దుండిగల్, ఆంధ్రప్రదేశ్‌లో పరవాడ దగ్గర ఉన్నాయి. చెట్టు కొట్టాలన్నా, బోరు వేయాలన్నా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది.

వీటిలో ఒకటి మాత్రం అనుబంధంలో దాక్కోకూడదు. హాస్టల్ సెప్టిక్ ట్యాంకు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో దింపడం పాకీ పనిని నిషేధిస్తూ 2013లో వచ్చిన వేరే చట్టం ప్రకారం నేరం. అలా చనిపోయినవారి కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 30 లక్షల రూపాయలకు పెంచింది. కాంట్రాక్టరు చూసుకుంటాడులే అని యూనివర్సిటీ అనుకుంటుంది, కాంట్రాక్టరు ఒక కూలీని చూసుకుంటాడు. పచ్చదనం గురించి నలభై వాక్యాలు రాసి ఈ ఒక్కటి వదిలేసిన నియమావళిని నేను నైతిక నియమావళి అనలేను. దీన్ని మొదటి పేజీలోనే పెట్టండి: "మా ఆవరణలో ఏ సెప్టిక్ ట్యాంకులోకీ మనిషి దిగడు. యంత్రాన్ని పిలిపించే బాధ్యత ఇంజనీరింగ్ విభాగం ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుది."

ఇప్పుడు రాయండి

తెలుగులో కర్మణి ప్రయోగం సహజం కాదని తరగతిలో చెబుతూనే ఉంటాం. ఆఫీసు కాగితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ అదే ముద్దొస్తుంది. "నీటి వనరులు సమర్థంగా వినియోగించబడతాయి." ఎవరు వినియోగిస్తారు? ఎప్పటినుంచి? సమర్థంగా అంటే ఎంత? వాక్యంలో కర్త లేకపోతే పనిలోనూ ఉండడు. మా రెండో చిత్తుప్రతిలో పెట్టుకున్న నియమం ఒక్కటే: "బడు" కనిపిస్తే కొట్టేయాలి. కొట్టేశాక కర్త దొరక్కపోతే ఆ వాక్యాన్నే తీసేయాలి. ఇరవై పేజీలు ఆరయ్యాయి.

ఉదాహరణకి మొదటి ప్రతిలో ఇలా ఉండేది: "ఆహార వృథాను అరికట్టేందుకు సంస్థ కట్టుబడి ఉంది." కమిటీకి పిలిచిన వంట మాస్టరు ఇది విని, "బాగుంది సార్. మరి తూకం ఎవరు వేస్తారు?" అన్నాడు. అంత మంచి సమీక్ష ఆ గదిలో ఇంకెవరూ చేయలేదు. మార్చాక ఇలా అయింది: "ప్రతి హాస్టల్ మెస్ కార్యదర్శి మధ్యాహ్నం, రాత్రి భోజనాల తర్వాత మిగిలిన ఆహారాన్ని తూచి రిజిస్టరులో రాస్తాడు. వార్డెన్ శనివారం సంతకం చేస్తాడు. నెలాఖరున ఆ అంకె మెస్ గోడ మీద ఉంటుంది." దీన్లో కవిత్వం లేదు, కానీ వార్డెన్‌కి తప్పించుకునే దారీ లేదు.

ప్రతి హామీకీ నాలుగు ప్రశ్నలు వేయండి. ఎవరు చేస్తారు? ఎప్పటికి? ఏ రిజిస్టరులో కనబడుతుంది? చేయకపోతే ఎవరికి చెప్పుకోవాలి? నాలుగింటికీ జవాబుంటేనే వాక్యం నిలవాలి. మనిషి పేరు కాకుండా హోదా రాయండి, మనుషులు బదిలీ అవుతారు.

పెద్ద మాటలు అక్కర్లేదని కాదు. ముందుమాటలో ఒక పేరా ఉండనివ్వండి. 1990లో ఫ్రాన్స్‌లోని తల్వార్ అనే ఊళ్లో 22 మంది యూనివర్సిటీల అధిపతులు కూర్చుని పర్యావరణం పట్ల విశ్వవిద్యాలయాల బాధ్యత గురించి పది అంశాల ప్రకటన ఒకటి రాశారు. ఆ తర్వాత అనేక దేశాల్లో వందలాది విద్యాసంస్థలు దానిపై సంతకం చేశాయి. చదవదగ్గదే. 2015లో ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు, వాటి కింద 169 ఉపలక్ష్యాలు పెట్టింది, గడువు 2030. మన రాజ్యాంగంలోనే 51ఎ(జి) ఉంది. 1976లో 42వ సవరణతో వచ్చి, అడవులనీ చెరువులనీ నదులనీ కాపాడటం పౌరుడి విధి అంది. నన్నడిగితే వేరే దేశపు ప్రకటనకంటే మీ ముందుమాటకి ఇదే బలం.

ఆ 17 లక్ష్యాల రంగుల డబ్బా గుర్తులన్నీ వరసగా అంటించి, మా సంస్థ అన్ని లక్ష్యాలకూ కృషి చేస్తోందని మాత్రం అనకండి. సముద్ర జీవుల లక్ష్యం కింద ఏం రాయాలో తెలియక బీచ్‌లో దిగిన విహారయాత్ర ఫోటో పెట్టిన నివేదిక చూశాను. మీ మొదటి వారం నోటుపుస్తకం తీయండి. అందులో ఎక్కువ పేజీలు నిండినవే మీ లక్ష్యాలు. మాకు మూడే తేలాయి: నీళ్లు, తిండీ చెత్తా, పనిచేసే మనుషుల గౌరవం. విశాఖలో అయితే సముద్రం రావచ్చు, అనంతపురంలో నీళ్లే మొదటి అధ్యాయం కావచ్చు.

భాష గురించి ఒక చిన్న జాగ్రత్త. సుస్థిరాభివృద్ధిని వివరిస్తూ "ముందు తరాల అవసరాలకు లోటు రాకుండా" అని రాసేస్తాం. తెలుగులో ముందు తరాలంటే తాతలూ కావచ్చు, మనవలూ కావచ్చు. "రాబోయే తరాలు" అని రాయండి. సమీక్షలో ఒక పెద్దాయన నిజంగానే తాతల గురించి పది నిమిషాలు మాట్లాడారు.

నిజాయితీకీ పచ్చదనానికీ వేర్వేరు అధ్యాయాలు వద్దు

సాధారణంగా నైతికత మొదట్లో, పర్యావరణం చివర్లో వస్తాయి. రెండూ కలిసే చోట్లే అసలు చిక్కులుంటాయి, కాబట్టి అక్కడే ఎక్కువసేపు ఆగండి.

ఒకటి, పరిశోధన డబ్బు. మీ పర్యావరణ విభాగం ఒక ఫ్యాక్టరీ వ్యర్థ జలాల నమూనాలు పరీక్షించి నివేదికలిస్తుంది. అదే కంపెనీ విభాగానికి ల్యాబు కట్టించింది. ఇది తప్పని నేననను, దాచడం తప్పు. నివేదిక మొదటి పేజీలోనే ఆ సంగతి చెప్పాలని రాయండి. ఫలితాలు నచ్చకపోతే ప్రచురణ ఆపే హక్కు డబ్బిచ్చినవాళ్లకి ఉండదని ఒప్పందం నమూనాలోనే చేర్పించండి.

రెండు, అంకెలు. ర్యాంకులకీ గుర్తింపులకీ ఫోటోలూ లెక్కలూ పంపుతాం. ఏటా జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు, అదే గుంతలో మొక్క నాటి, ఏటా కొత్తగా లెక్కేసుకునే అలవాటు మీకు తెలియనిది కాదు. అందుకే నాటిన మొక్కల సంఖ్య రాయొద్దన్నాం. మూడో ఏడాదికి బతికున్న చెట్ల సంఖ్యే రాయాలి, తోటమాలి సంతకంతో. తప్పుడు పర్యావరణ లెక్క ఇవ్వడం తప్పుడు పరిశోధన డేటా ఇవ్వడంతో సమానమని ఒక వాక్యం పెట్టాం. పెద్ద గొడవ జరిగింది. నిలబెట్టుకున్నాం.

మూడు, భూమి. 2025 మార్చి చివర్లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో యంత్రాలు దిగి చెట్లు కొట్టడం మొదలైంది. విద్యార్థులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపించింది. ఆ వివాదంలో పెద్ద ప్రశ్న రికార్డుల్లో ఆ భూమి ఎవరిదన్నది. 1974లో మొదలైన యూనివర్సిటీకే ఇలాంటి ప్రశ్న ఎదురైంది కదా. మీ యూనివర్సిటీ సర్వే నంబర్లు, రెవెన్యూ రికార్డుల్లో ఉన్న పేరు, కుంటలు, పెద్ద చెట్లు అన్నీ ఒక పట్టికగా చేసి నియమావళికి జతచేయండి. భూమిని ఎవరికైనా లీజుకివ్వాలన్నా బదలాయించాలన్నా ఆ ప్రతిపాదనను నిర్ణయానికి కనీసం నెల ముందు నోటీసు బోర్డులో పెట్టాలని రాయండి. యూనివర్సిటీ కార్యవర్గం నెలకి ఒప్పుకోకపోతే పదిహేను రోజులకి దిగండి, అంతకంటే దిగొద్దు.

కొనుగోళ్ల గురించి క్లుప్తంగా. తక్కువ ధర కోట్ చేసినవాడికే టెండరు అన్న పద్ధతిలో, వస్తువు ఎన్నాళ్లు మన్నుతుంది, పాడయ్యాక ఎవరు తీసుకుంటారు అన్న రెండు షరతులు టెండరు పత్రంలోనే చేర్చండి. తర్వాత చేర్చడానికి కుదరదు.

ఫిర్యాదు ఎక్కడికి వెళ్తుంది

నియమావళిలో ఎవరూ చదవని పేజీ ఇదే. అవసరం పడ్డవాళ్లు మాత్రం ముందు దీన్నే వెతుకుతారు. విద్యార్థుల ఫిర్యాదులకి యూజీసీ 2023 నిబంధనల ప్రకారం పరిష్కార కమిటీ ఉండాలి, అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే అంబుడ్స్‌పర్సన్ (ఫిర్యాదులపై అప్పీళ్లు వినే అధికారి) దగ్గరికి అప్పీలుకు వెళ్లొచ్చు. మీరు కొత్త యంత్రాంగం పెట్టకుండా పర్యావరణ ఫిర్యాదులనీ ఈ దారిలోకే మళ్లించండి. కాకపోతే ఆ కమిటీ విద్యార్థులకే. కాంట్రాక్టు స్వీపరు ఎక్కడ చెప్పుకోవాలి? ఆమె సంతకం పెట్టలేకపోతే? నోటిమాటగా చెప్పిన ఫిర్యాదును రాసుకునే మనిషి ఒకరు ఉండాలనీ, ఫిర్యాదు నడుస్తుండగా ఆమెను పనిలోంచి తీసేయకూడదన్నది కాంట్రాక్టరు ఒప్పందంలోనే ఉండాలనీ రాయండి. ఈ రెండు వాక్యాలు లేకుండా మిగతా పేజీ అలంకారం.

ఆమోదం, ఆ తర్వాత

చిత్తుప్రతిని కార్యవర్గానికి పంపే ముందు రెండు వారాలు బయట పెట్టండి, హాస్టల్ గోడలతో సహా. వచ్చిన ప్రతి సూచనకీ ఒప్పుకున్నాం, ఒప్పుకోలేదు, ఎందుకని ఒక వరుస జవాబు ఇవ్వండి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 కింద తనంతట తాను వెల్లడించాల్సిన వివరాల్లో తమ విధుల నిర్వహణకు పాటించే నియమాలూ ఉన్నాయి. కాబట్టి ప్రచురించడానికి ఎవరి దయా అక్కర్లేదు.

తెలుగు ప్రతి తప్పనిసరి. ఇంగ్లీషు ప్రతిని తర్వాత తెలుగు చేద్దామంటే ఆ తర్వాత రాదు. మేం ముందు తెలుగులో రాసి, పారిశుద్ధ్య సిబ్బందికి చదివి వినిపించి, వాళ్లకి అర్థంకాని వాక్యాలు మార్చాకే ఇంగ్లీషు చేశాం. అది మాకే తేలికైంది, కర్త ఎక్కడున్నాడో ముందే తెలుసు కాబట్టి.

ఏటా ఒక పేజీ నివేదిక చాలు. హామీ, అంకె, చేశామా లేదా. చేయలేకపోయినచోట "చేయలేకపోయాం" అనే రాయండి, "ప్రక్రియలో ఉంది" అనొద్దు. మొదటి ఏడాది మా మెస్ తూకం పరీక్షల నెలల్లో పూర్తిగా ఆగిపోయింది. ఆ నెలల గడులు ఖాళీగానే అచ్చువేశాం. రెండో ఏడాది కార్యదర్శికి తోడుగా ఇంకొక విద్యార్థిని పెట్టాక నిండాయి. సమీక్ష తేదీ జూన్ 5న పెట్టకండి, ఆ రోజు అందరూ ఫోటోలో ఉంటారు. ఆగస్టులో పెట్టండి, అప్పటికి కొత్త పిల్లలు వస్తారు, మెస్ రద్దీగా ఉంటుంది, తూకం నిజంగా ఉంటుంది.

ఆవిష్కరణ సభ ఎలాగూ పెడతారు. శాలువాలు, బొకేలు, జ్ఞాపికల సంగతి మీ ఇష్టం. ఫ్లెక్సీ మాత్రం వద్దని మూడు రోజుల ముందే చెప్పి ఉంచండి. ఆర్డరు ఎప్పుడూ ముందు రోజు సాయంత్రమే, మిమ్మల్ని అడగకుండానే వెళ్లిపోతుంది.